దారం కట్టిన రింగు

వ్యాను ఇంకా సందు మలుపు తిరుగుతుండగానే పానా మాస్టారికి దాని రోగమేమిటో తెలిసిపోయింది. కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, మాట వినని కుడిచేతిని ఎడంచేత్తో ఒత్తుకుంటున్నాడు. మలుపులో టక్ టక్ టక్‌మని మూడు చప్పుళ్ళు. తిన్నగా రాగానే ఆగిపోయాయి. గేటు దగ్గర స్టీరింగు తిప్పేసరికి ఇంకో నాలుగు. తిన్నగా పోయేటప్పుడు బుద్ధిగా ఉండి, మలుపు రాగానే గోల పెట్టే చప్పుడు మాస్టారి ఎరుకలో ఒకటే ఉంది.

"ఎడంవైపు చక్రం. ఇరుసు చివరి జాయింటు పోయింది," అన్నాడు, భార్య గుమ్మంలో చెప్పులు విడుస్తుండగానే.

"గుక్కెడు మంచినీళ్ళు తాగనివ్వండి, ఏం పోయిందో ఆ తర్వాత చెబుదురు," అందావిడ. తాగి, గ్లాసు బోర్లించి, కుర్చీ లాక్కుని కూర్చుంది. "చప్పుడు విని పిల్లలు భయపడ్డారండీ. బళ్ళో ఆయా వెళ్ళి లోపల చెప్పింది. సోమవారం ఏడింటికల్లా వ్యాను రాకపోతే ఇంకో వ్యాను మాట్లాడుకుంటామంది బడి పెద్దమ్మగారు. కోపంగా అనలేదు పాపం. నడవలేని పిల్లలు కదా, గుమ్మాల్లో ఎంతసేపని కూర్చుంటారు?"

ఆరుగురు పిల్లల్ని పొద్దున్న బడికి చేర్చి సాయంత్రం ఇళ్ళ దగ్గర దింపే ఆ పని మీదే ఇప్పుడు ఇల్లు నడుస్తోంది. ఎనిమిది నెలల కిందట పక్షవాతం ఆయన కుడిచేతిని పట్టుకెళ్ళింది. అప్పటిదాకా కుట్టుమిషను తప్ప ఇంకే చక్రమూ తిప్పని ఆవిడ, యాభయ్యో ఏట లైసెన్సు తెచ్చుకుని ఆ పనిలో దిగింది. పని పోతే మళ్ళీ దొరకదు.

ఆయన ఎడంచేత్తో ఫోను నొక్కి తను ఇరవై నాలుగేళ్ళు పనిచేసిన గ్యారేజీ ఓనరుకు చేశాడు.

"పదిరోజులదాకా లిఫ్టు ఖాళీ లేదు మాస్టారూ," అన్నాడు ఓనరు. "మీరయితే ఒక్క పూటలో ఊడదీసి బిగించేవారు. ఇప్పుడున్నవాళ్ళకి బండికి రెండ్రోజులు పడుతోంది. మీ చెయ్యి బాగైన రోజున ఒక్క మాట చెప్పండి. మీ చోటు మీకే."

మీ చోటు మీకే అన్న మాటకు మాస్టారు ప్రతిసారీ కరిగిపోతాడు. ఆయన చోట్లో వేరే మనిషి పని మొదలుపెట్టి ఆరు నెలలైంది. ఆయన పనిముట్ల పెట్టెను ఆసుపత్రి నుంచి వచ్చిన నెలలోపే ఇంటికి పంపించేశారు. అయినా సరే, కరిగిపోతాడు.

ఆవిడ లేచి ఆ పెట్టె దగ్గరికి వెళ్ళి మూత తీసింది. "వీటిలో ఏవేవి కావాలో చెప్పండి. మనమే చేద్దాం."

"మనమంటే ఎవరు?"

"నేను చేస్తాను. మీరు చెప్పండి."

మాస్టారికి నవ్వొచ్చింది. నవ్వు సగంలో ఆగిపోయింది. ఆవిడ అప్పటికే పానాల్ని చిన్నవాటి నుంచి పెద్దవాటిదాకా గుడ్డ మీద వరసగా పరుస్తోంది, కత్తెర్లు పరిచినట్టే.

*

శనివారం బడి లేదు. పొద్దున్నే పక్కింటి పోస్టుమాను చేతులు వెనక్కి కట్టుకుని వేడుక చూడ్డానికి వచ్చాడు. రిటైరైన దగ్గర్నుంచీ సందులో ఏ పని జరిగినా ఆయన లేకుండా జరగదు. "అన్నయ్యగారూ, ఊరికే నిలబడతారేం? లోపలికెక్కి బ్రేకు తొక్కిపట్టండి," అంది ఆవిడ. ముప్ఫయ్యేళ్ళు సైకిలు తొక్కిన కాళ్ళకు తగిన ఉద్యోగం దొరికినందుకు ఆయన సంబరపడి ఎక్కేశాడు.

చక్రం నేల మీద ఉండగానే నడిమధ్య నట్టు వదులు చేసుకోవాలి. నట్టు మొండికేసింది. మాస్టారు చెప్పినట్టు ఆవిడ పానాకు ఇనప గొట్టం తొడిగి రెండు చేతులతో నొక్కింది. కదల్లేదు. చీర కుచ్చిళ్ళు దోపుకుని, వ్యాను పట్టుకుని గొట్టం మీదకెక్కి నిలబడింది. కిర్రుమని ఒక్క మూలుగు మూలిగి నట్టు లొంగింది.

"ఇన్నాళ్ళూ బరువు తగ్గు, తగ్గు అని చంపారు," అంది కిందికి దిగుతూ.

జాకీ ఎత్తి, కింద స్టాండ్లు పెట్టి, చక్రం తీసి పక్కన దొర్లించారు. చక్రం వెనక చోటంతా చీకటి గుయ్యారం. ఆవిడ గోనెపట్టా మీద పడుకుని లోపలికి జరిగింది. మాస్టారు స్టూలు మీద కూర్చుని ఎడంచేత్తో టార్చి పట్టుకున్నాడు. ఆ చెయ్యి దేనికీ అలవాటుపడ్డది కాదు. వెలుగు బోల్టు మీద నిలవకుండా ఆవిడ చెవి మీదికి, అక్కణ్ణుంచి గోడ మీదికి పోతోంది.

పాతికేళ్ళలో ఆ టార్చి పట్టుకున్నది ఎప్పుడూ ఆవిడే. ఆదివారాలు ఆయన సొంతానికి కొనుక్కున్న ఈ వ్యాను కిందే పడుకుని, "లైటు నా మొహమ్మీద కాదు, పని మీద! అంత చిన్న పని చేతకాదా?" అని అరిచేవాడు. అన్నం వార్చాల్సినప్పుడూ, జ్వరం వచ్చినప్పుడూ కూడా అరిచాడు. ఇప్పుడు వెలుగు ఎటు పోతే అటు ఆవిడే తల వంచుకుని, పానాను తడుముకుని, చూసి చూసి బోల్టు తిప్పుతోంది. ఒక్కసారి కూడా కిమ్మనలేదు.

"సరిగ్గా పడట్లేదు కదూ?" అన్నాడాయన చివరికి.

"కనపడుతోందిలెండి," అంది ఆవిడ కింద నుంచి. మాస్టారికి తను అరిచిన అరుపులు గుర్తొచ్చి చాలా సిగ్గేసింది. టార్చిని మోకాళ్ళ మధ్య ఇరికించి కదలకుండా బిగించి పట్టుకున్నాడు.

మధ్యాహ్నానికి ఇరుసు కడ్డీ బయటికొచ్చింది. గేరుబాక్సు నుంచి కారిన నూనె బట్టలుతికే టబ్బులో పడింది. కడ్డీని పాతగుడ్డ చుట్టి, బెంచీ మీది వైసు దవడల మధ్య బిగించారు. జాయింటును కప్పే చిరిగిన రబ్బరు బూటును ఆవిడ పాతకుట్టు విప్పినట్టు కత్తిరించింది. లోపల గ్రీజు ఇసకతో కలిసి నల్లటి పిండిలా ఉంది. మాస్టారు ఇత్తడి కడ్డీ ఎక్కడ ఆనించాలో వేలితో చూపించాడు, ఆవిడ సుత్తితో రెండు దెబ్బలు వేసింది, అరిగిపోయిన జాయింటు ఊడి చేతిలోకి వచ్చింది.

కొత్తది తేవాలి. బయల్దేరేముందు ఆవిడ ఇరుసు చివర చుట్టూ ఉన్న పళ్ళలో ఒకదాని మీద సుద్దతో గీత పెట్టి, అక్కణ్ణుంచి ఒక చుట్టు లెక్కపెట్టింది. "ఇరవై అయిదు," అంది. మాస్టారు లెక్కపెట్టమని చెప్పలేదు. జాకెట్టుకి కుచ్చులు లెక్కపెట్టుకున్నట్టు ఆవిడే లెక్కపెట్టుకుంది.

గంటన్నరకు తిరిగొచ్చేసరికి మొహం వెలిగిపోతోంది. "మగవాళ్ళెవరినైనా పంపండమ్మా, మీకు తెలీదన్నాడండీ కొట్టతను. అంటూనే ఒకటి తీసిచ్చాడు. అక్కడే నిలబడి లోపలి పళ్ళు లెక్కపెట్టాను. ఇరవై మూడు! ఇది నాకొద్దన్నాను. కళ్ళద్దాలు పెట్టుకుని మళ్ళీ వాడే లెక్కపెట్టుకుని, మారుమాట్లాడకుండా వేరేది ఇచ్చాడు."

డబ్బాలో జాయింటు, రబ్బరు బూటు, దానికి రెండు పట్టీలు, గ్రీజు ప్యాకెట్టు, చిటికెన గోరంత మందాన ఒక తీగ రింగు. ఇరుసు చివర గాడిలో కూర్చోవలసింది ఆ రింగే. దాన్ని నొక్కిపట్టి జాయింటును తోస్తే, అది లోపలికెళ్ళాక విచ్చుకుని, ఇరుసును మళ్ళీ బయటికి రానివ్వదు. ఎంత ఇరుసయినా ఆ వెంట్రుకంత రింగు మీదే నిలబడాలి.

"రెండు బొటనవేళ్ళ గోళ్ళతో నొక్కు. నొక్కి, వదలకుండా అరచేత్తో తొయ్యి," అన్నాడు మాస్టారు. ఆయన అలాగే చేసేవాడు, ఇటు మాట్లాడుతూ అటు చూడకుండా. ఆవిడ నొక్కింది. రింగు ఠింగుమని ఎగిరి తులసికోట పక్కన పడింది. వెతికి తెచ్చి మళ్ళీ నొక్కింది. ఈసారి పోస్టుమాను ఒళ్ళో పడింది. మూడోసారి రింగు ఒకవైపుకు జారి, జాయింటు మూతికి అడ్డం పడి మొరాయించింది. గోళ్ళు చిట్లి ఆవిడ వేళ్ళు ఎర్రబడ్డాయి.

ఆవిడ కాసేపు దానివైపే చూసి, లోపలికెళ్ళి మందపు దారం రీలు పట్టుకొచ్చింది. గాడిలో పెట్టిన రింగు చుట్టూ దారం తిప్పి, రింగు రెండు కొసలూ దగ్గరికొచ్చేలా బిగించి, లాగితే ఊడిపోయే ముడి వేసింది.

"ఇదేమన్నా రవికె హుక్కనుకున్నావా?" అన్నాడు మాస్టారు.

"చూద్దాం, ఉండండి." జాయింటు పళ్ళను ఇరుసు పళ్ళతో కలిపి మెల్లగా తోసింది. మూతి రింగు అంచును పట్టుకోగానే దారం కొస లాగింది. దారం జర్రున వచ్చేసింది. చెక్క సుత్తితో రెండు దెబ్బలు. లోపల్నుంచి టక్కుమని ఒక్క చప్పుడు, తాళం పడ్డట్టు. పట్టి లాగి చూసింది. రాలేదు.

మాస్టారు నోరెళ్ళబెట్టాడు. ఇరవై నాలుగేళ్ళలో ఎన్ని జాయింట్లు వేశాడో ఆయనకే తెలీదు. దారం సంగతి ఒక్కనాడూ తట్టలేదు. పోస్టుమాను చప్పట్లు కొట్టి, బెంచీ మీద చూసి, అమాయకంగా అడిగాడు. "మరి ఈ రబ్బరు టోపీ ఎక్కడ పెడతారు, మాస్టారూ?"

బూటు ముందు తొడగాలి. ముందు పట్టీ, తర్వాత బూటు, ఆ తర్వాతే జాయింటు. జాయింటు పడ్డాక బూటు దూరే దారే లేదు.

"నేను చెప్పలేదు," అన్నాడు మాస్టారు. ఆయన మొహం పాలిపోయింది. ఎప్పుడూ బూటు తొడగడం గురించి ఆలోచించలేదు. ఇరుసు చేతిలోకి రాగానే కుడిచెయ్యి దానంతటదే బూటు అందుకుని తొడిగేసేది. తెలిసింది చేతికి. నోటికి ఎన్నడూ తెలీదు. ఆ చెయ్యి ఇప్పుడు ఒళ్ళో పడుకుని ఉంది. "చూశావా, ఉన్న చెయ్యి పోయింది, తల కూడా పోయింది," అని లేచి, గోడ పట్టుకుని లోపలికెళ్ళిపోయాడు.

కాసేపటికి ఆవిడ వెనకాలే వచ్చి మంచం పక్కన నిలబడింది. "కుట్టిన జాకెట్టు విప్పడం నాకేమైనా కొత్తా? చేతులు ముందు, మెడ తర్వాత కుట్టేసి ఎన్నిసార్లు విప్పానో మీకు తెలుసుగా. రేపు విప్పుదాం. లేచి అన్నానికి రండి."

*

ఆదివారం పొద్దున్న జాయింటు ఊడింది. ఊడుతూ రింగును పాడు చేసింది. ఒక కొస పైకి లేచి వంకర తిరిగింది. ఆవిడ పట్టకారుతో సరిచెయ్యబోతే మాస్టారు వద్దన్నాడు. "వంగిన రింగు మళ్ళీ నిలవదు. పిల్లలుండే బండి. కొత్తదే కావాలి." పోస్టుమాను సైకిలెక్కి కొట్టు దాకా వెళ్ళొచ్చాడు. ఆదివారం, తలుపులు దించేసి ఉన్నాయి. ఆ వీధిలో మిగతా కొట్లూ అంతే.

మాస్టారు ఫోను చేతిలోకి తీసుకుని కాసేపు కూర్చున్నాడు. గ్యారేజీలో ఇలాంటి రింగులు ఒక డబ్బా నిండా ఉంటాయి. చివరికి నొక్కాడు.

"రింగేగా, దానికేం," అన్నాడు ఓనరు. "అయితే ఇరుసు దింపేశారన్నమాట! ఎవరు చేస్తున్నారు? మీరేనా? చెయ్యి కదిలిందా మాస్టారూ?"

"ఆఁ," అన్నాడు మాస్టారు.

"ఇంకేం మరి! నేనే తెస్తాను, సాయంత్రంలోపు. మీ చెయ్యి నా కళ్ళతో చూడాలి. రేపట్నుంచే వచ్చెయ్యండి."

ఫోను పెట్టేశాక మాస్టారు చెవులు వెచ్చగా ఉన్నాయి. ఎనిమిది నెలల తర్వాత రేపట్నుంచి రమ్మన్నారు. రమ్మన్నది తన దగ్గర లేని చేతినని తెలుసు. తెలిసినా ఆ మాట తియ్యగానే ఉంది. తలెత్తేసరికి ఆవిడ ఎదురుగా ఉంది. అంతా విన్నది. కోప్పడుతుందనుకున్నాడు.

"ఒక పని చేద్దాం," అంది ఆవిడ మెల్లగా. "బూటూ పట్టీలూ ముందే తొడిగి పెడతాను. ఆయన వచ్చే వేళకి మీరు బెంచీ దగ్గర కూర్చుని ఎడంచేత్తో పానా పట్టుకోండి. కుడిచెయ్యి గుడ్డ కింద పెట్టుకోండి. నేను లోపల టీ పెడుతుంటాను. ఆయన రింగిచ్చి వెళ్ళాక బిగించుకుందాం." అని కుళాయి దగ్గరికి వెళ్ళి సబ్బు తీసుకుని చేతులు రుద్దుకోవడం మొదలుపెట్టింది. గ్రీజు గోళ్ళలోకి, వేలిముద్రల్లోకి దిగిపోయింది. కత్తెర పట్టి కాయకాచిన బొటనవేలు నల్లగా మెరుస్తోంది. అది పోవాలని ఆవిడ పాత బ్రష్షు పెట్టి రుద్దుతోంది.

మాస్టారు చూస్తూ కూర్చున్నాడు. రెండ్రోజుల పని. గొట్టమెక్కిన కాళ్ళు, చిట్లిన గోళ్ళు, కొట్టులో లెక్కపెట్టిన పళ్ళు, ఎవరికీ తట్టని దారం. అదంతా తన పేరున రాసిచ్చి, పోయి టీ పెడతానంటోంది. అడక్కుండానే ఇస్తోంది. ఇలా ఆవిడ ఎన్నేళ్ళుగా ఎన్ని ఇచ్చిందో, తను ఎన్ని చూడకుండా పుచ్చుకున్నాడో తల్చుకుంటే ఆయన కళ్ళు చెమర్చాయి.

"కడుక్కోకు," అన్నాడు.

"ఏంటండీ?"

"చేతులు కడుక్కోకు. ఇటు రా. ముందు బూటు తొడుగు."

ఈసారి బూటు తొడిగే దాకా ఆయన కళ్ళు దాని మీంచి కదల్లేదు. చిన్న పట్టీ, బూటు, పెద్ద పట్టీ, ఒక్కొక్కటీ పైకి చెప్పించుకున్నాడు.

ఎండ దిగే వేళకు ఓనరు వచ్చాడు. లోపలికొస్తూనే బెంచీనీ, తుడిచిపెట్టిన ఇరుసునూ, వరసగా ఉన్న పానాలనూ చూశాడు. "అబ్బ! మాస్టారి చోటంటే ఇదీ. ఎక్కడ పెట్టినా ఇలాగే ఉంటుంది," అంటూ కాగితం పొట్లం విప్పి, రింగు రెండు వేళ్ళతో పట్టుకుని చాచాడు. "ఏదీ, చెయ్యి చూపించండి."

మాస్టారు ఎడంచేత్తో కుడిచేతిని ఎత్తి బెంచీ మీద పెట్టాడు. వేళ్ళు పడుకున్నట్టే ఉన్నాయి.

"ఇలాగే ఉంది. పొద్దున్న ఫోన్లో అబద్ధమాడాను," అన్నాడు. "రింగు నాక్కాదు, ఆవిడకివ్వండి. బిగించేది ఆవిడ. పానాల్ని అలా పేర్చింది కూడా ఆవిడే."

ఓనరు చెయ్యి గాల్లోనే ఆగింది. ఆయన పోస్టుమాను వైపు చూశాడు.

"నన్ను చూస్తారేం?" అన్నాడు పోస్టుమాను. "నేను బ్రేకు మనిషిని."

రింగు మెల్లగా ఆవిడ వైపు తిరిగింది. నల్లటి అరచెయ్యి చాచి ఆవిడ అందుకుంది. గాడిలో పెట్టింది, దారం తిప్పింది, కొసలు బిగించింది. ఓనరు గొంతుక్కూర్చున్నాడు. ఇన్నేళ్ళలో ఆవిడతో ఆయన మాట్లాడింది ఆసుపత్రిలో ఒక్కసారే.

"ఆ దారం ఎందుకమ్మా?"

"ఆయన గోళ్ళతో నొక్కేవారండీ. నాకంత బలం లేదు. బలం లేనిచోట దారం వేసుకున్నాను." జాయింటు తోసి, కొస లాగి, చెక్క సుత్తితో రెండు దెబ్బలు వేసింది. టక్. ఓనరు తనే పట్టుకుని గట్టిగా లాగాడు. రాలేదు. ఇంకోసారి లాగాడు.

"మావాళ్ళు రోజూ ఒకట్రెండు ఎగరగొడతారు. గ్యారేజీ ఊడ్చినప్పుడు దొరుకుతాయి," అన్నాడు తనలో తను అనుకున్నట్టు. ఆ తర్వాత చాలా మర్యాదగా, "ఏ నంబరు దారమమ్మా అది?" అని అడిగి, చెప్పింది రింగు తెచ్చిన కాగితం మీదే రాసుకున్నాడు. టీ తాగాడు. రేపట్నుంచి రమ్మన్న మాట మళ్ళీ ఎత్తలేదు. మీ చోటు మీకే అని కూడా ఈసారి అనలేదు.

ఇంకా వెలుతురుండగానే ఇరుసు లోపలికెళ్ళింది, చక్రం ఎక్కింది, నట్టు బిగిసింది. గేరుబాక్సులో, కారిన నూనెకు బదులు కొత్త నూనె పోశారు. మాస్టారు పక్క సీట్లో కూర్చున్నాడు. సందు చివరి ఖాళీ స్థలంలో ఆవిడ స్టీరింగు పూర్తిగా ఎడమకు తిప్పి గుండ్రంగా ఒక చుట్టు తిప్పింది, తర్వాత కుడికి ఒక చుట్టు. ఇంజిను చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

"మీ ఉద్యోగం పోయినట్టేగా," అంది ఆవిడ వ్యాను ఆపి.

"అది ఎప్పుడో పోయింది. నాకు ఇవాళ తెలిసింది."

"బాధగా ఉందా?"

ఉందేమోనని మాస్టారు నిజంగానే వెతుక్కున్నాడు. ఉన్నదల్లా ఒక తేలిక. ఇన్నాళ్ళూ చెయ్యి లేస్తుందేమోనని పొద్దున్నే వేళ్ళ వైపు చూసుకోవడంతోనే సరిపోయింది. ఈ మనిషి వైపు చూడనే లేదు. "లేదు," అన్నాడు. "ఆకలేస్తోంది."

*

సోమవారం ఆవిడకు కాలు నిలవలేదు. ఆరున్నరకల్లా కదలాలి. ఒక చేత్తో జడ వేసుకుంటూ, ఇంకో చేత్తో ఆయన మందులు తీసి పెట్టి, డబ్బా సర్దుకుని, తాళాలు వెతుక్కుని, "ఆలస్యమైపోయింది, ఆలస్యమైపోయింది," అంటూ వ్యానెక్కింది. ఇంజిను అందుకుంది. మాస్టారు గోడ పట్టుకుని గేటుదాకా నడిచొచ్చి, కిటికీ పక్కన నిలబడ్డాడు.

గ్యారేజీలో తన కింద పనివాళ్ళు ఒక బండి సరిగ్గా బిగించినప్పుడు మాస్టారు ఒక మాట అనేవాడు. పెద్దగా ఏమీ కాదు, ఒక్క మాటే. ఆ మాట కోసం వాళ్ళు అరపూట ఎక్కువ పనిచేసేవాళ్ళు. ఇరవై ఏడేళ్ళ కాపరంలో ఆ మాట గ్యారేజీ గేటు దాటి ఇంటికి రాలేదు. వంటకీ రాలేదు, కుట్టుకీ రాలేదు, ఆసుపత్రిలో ఎనభై రోజులు రాత్రింబవళ్ళు కూర్చున్నందుకూ రాలేదు.

"బాగా చేశావు," అన్నాడు.

పొద్దున్నించీ కాళ్ళకు చక్రాలు కట్టుకుని తిరుగుతున్న మనిషి చెయ్యి చాచి ఇంజిను ఆపేసింది. సందంతా నిశ్శబ్దమైపోయింది.

"ఇంకోసారి అనండి," అంది.

మాస్టారు మళ్ళీ అన్నాడు.